‘ఏమి నేర్చితివి?’ – నరసింహ చిత్రముపై నాలుగు తీర్పులు

బొమ్మల సినిమా యనగా పిల్లల సినిమా అనియు, పెద్దలు పిల్లలకు తోడుగా మాత్రమే దానికి పోవుదురనియు మన దేశమున చిరకాలముగా ఒక అభిప్రాయము పాతుకొని యున్నది. 2025వ సంవత్సరము జూలై 25వ తేదీన విడుదలయిన ‘మహావతార్ నరసింహ’ చిత్రము ఆ అభిప్రాయమును గట్టిగా కదలించినది. తాతలు, తల్లులు, కళాశాల విద్యార్థులు, బడిపిల్లలు ఒకే వరుసలో కూర్చుండి చూచిన చిత్రమిది. ఇంటిల్లిపాదియు కలసి థియేటరునకు పోవు అలవాటు తగ్గిపోయినదని అందరును అనుకొనుచున్న కాలములో, నటీనటులెవరును కనిపించని ఒక చిత్రము ఆ అలవాటును మరల తెచ్చినది.

అయితే కలసి చూచినవారందరును కలసి ఒకే తీర్పు చెప్పలేదు. ఒకే ఇంటిలో తాతగారి మాట ఒకటి, మనుమని మాట వేరొకటి. తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఇట్టి భేదము కలుగుటకు మరియొక కారణము కూడ కలదు. ఇచ్చటివారికి నరసింహుడు తెరమీద క్రొత్తగా పరిచయమైన వీరుడు కాడు. తిరుమల ఆలయ ప్రాకారములో యోగనరసింహుని సన్నిధి కలదు. అలిపిరి మెట్లదారిని కొండనెక్కు యాత్రికులకు దారిలోనే లక్ష్మీనరసింహస్వామి గుడి ఎదురగును. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన తరిగొండ పేరు వినగానే అచ్చటి లక్ష్మీనరసింహస్వామి మనసునకు వచ్చును. ఇంటి దేవుని బొమ్మను పొరుగూరివారు గీచి తెచ్చినచో, పోలిక కుదిరినదా లేదా యని ఇంటివారు పరిశీలింపక మానరు గదా!

ఆ తీర్పులలో ఏది నిజము, ఏది పొరపాటు అని తేల్చుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. పాఠశాలలో పిల్లలు ఈ చిత్రమును గూర్చి వాదించుకొనునపుడు ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను అను ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఉద్దేశము. ఆ సమాధానము కథలోనే యున్నది.

చిత్ర విశేషములు

ఈ చిత్రమునకు దర్శకుడు అశ్విన్ కుమార్. దర్శకునిగా ఆయనకు ఇది మొదటి చిత్రము. క్లీమ్ ప్రొడక్షన్స్ సంస్థ నిర్మింపగా, కర్ణాటకకు చెందిన హోంబలే ఫిలిమ్స్ సంస్థ సమర్పించినది. సంగీతము సామ్ సి.ఎస్. సమకూర్చెను. హిందీతోపాటు తెలుగు, కన్నడము, తమిళము, మలయాళ భాషలలో ఇది ప్రేక్షకులకు అందినది. కశ్యపుడు, దితి – వీరి సంధ్యాకాల ఘట్టముతో కథ మొదలగును. వరాహమూర్తి హిరణ్యాక్షుని సంహరించుట, హిరణ్యకశిపుని తపస్సు, అతడు పొందిన వరము, ప్రహ్లాదుని బాల్యము, అతడెదుర్కొన్న పరీక్షలు, స్తంభమునుండి నరసింహుడు వెలువడుట – ఇది కథాక్రమము.

ప్రపంచమంతట కలిపి 300 కోట్ల రూపాయలకు పైగా వసూలయినట్లు వార్తలు వచ్చినవి. భారతదేశమున తయారయిన యానిమేషన్ చిత్రములలో అంతవరకు దేనికిని ఇంతటి ఆదరణ లభింపలేదు. 98వ ఆస్కార్ బహుమతులకు యానిమేషన్ విభాగములో పరిశీలనకు అర్హత పొందిన 35 చిత్రములలో ఇదియు నొకటి. నిర్మాతలు ఇంతటితో ఆగక, పరశురాముడు మొదలుకొని కల్కి వరకు మరి ఆరు చిత్రములను 2037 వరకు వరుసగా తీయుదుమని ప్రకటించియున్నారు. అనగా, నేడు అయిదవ తరగతిలో నున్న బాలుడు ఉద్యోగములో చేరువరకు ఈ వరుస సాగును. కావున ఈ చిత్రమును గూర్చి ఇప్పుడు నిదానముగా ఆలోచించుట అవసరము.

మొదటి తీర్పు: చేతులు జోడించినవారు

చాల ఊళ్లలో ప్రేక్షకులు పాదరక్షలు బయట విడిచి థియేటరులో ప్రవేశించిరనియు, నరసింహుడు ప్రత్యక్షమైన ఘట్టములో లేచి నిలువబడి చేతులు జోడించిరనియు పత్రికలు వ్రాసినవి. కొన్నిచోట్ల భజనలు కూడ చేసిరి. వీరికి చిత్రములోని గుణదోషములతో పని లేదు. తాము చూచినది సినిమా కాదు, దర్శనమని వీరి భావము.

దీనిని చూచి నవ్వినవారు కలరు. వెలుతురు పడిన తెరకు దండము పెట్టుట అమాయకత్వమని వారనిరి. కాని ఈ అలవాటు సినిమాతో వచ్చినది కాదు. తమిళనాడులో తంజావూరు సమీపమున మెలట్టూరు అను గ్రామము కలదు. అచ్చటి తెలుగు భాగవతుల సంప్రదాయములో మెలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ‘ప్రహ్లాద చరిత్రము’ను నరసింహ జయంతికి ప్రదర్శింతురు. నాటకము తెలుగు, చూచువారిలో పెక్కుమంది తమిళులు. నరసింహుని ముఖమునకు ఉపయోగించు తొడుగును అచ్చట పూజింతురు. దానిని ధరించు నటుడు ఉపవాసముండును. అనగా వేషము వేయువాడును, చూచువాడును కూడ అది వేషమని ఎరిగియే నమస్కరింతురు.

అంత దూరము పోనక్కరలేదు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము, దొర వేషము మొదలగు వేషములు వేసికొనుట మ్రొక్కుబడి. చివరి దినమున అమ్మవారి విశ్వరూపమును మట్టితో తీర్చి, పిదప ఆ మట్టినే ప్రసాదముగా పంచుకొందురు. మట్టి మట్టియే యని ఆ జనులకు తెలియును. తెలిసియు కన్నుల కద్దుకొందురు. కావున తెరకు దండము పెట్టిన వృద్ధురాలు ఏమియు తెలియనిదని తలచుట పొరపాటు. ఆమె తన తీర్పును తనకు తెలిసిన పద్ధతిలో చెప్పినది.

రెండవ తీర్పు: బొమ్మను చూచినవారు

రెండవ పక్షమువారు ఎక్కువగా విద్యార్థులు. జపాను, అమెరికా దేశముల యానిమేషన్ చిత్రములను ఇంటిలోనే చూచుచు పెరిగినవారు. నరసింహుని రూపమును, చివరి పోరాటమును వీరును మెచ్చుకొనిరి. కాని మనుష్యుల ముఖములలో జీవము చాలదనియు, పెదవులకును మాటకును పొత్తు కుదరలేదనియు, కొన్ని దృశ్యములు కంప్యూటరు ఆటలను తలపించుచున్నవనియు విమర్శించిరి. ఇట్లన్నవారిని దైవభక్తి లేనివారని కొందరు నిందించిరి. ఇది న్యాయము కాదు. బొమ్మ బాగుగా లేదనుటకును, దేవుడు బాగుగా లేడనుటకును గల తేడాను విద్యార్థులు ఎరుగుదురు.

వారి విమర్శలో ఒక శాస్త్ర విషయము కూడ ఇమిడి యున్నది. మసాహిరో మోరి అను జపాను యంత్రశాస్త్రవేత్త 1970లో ఒక వ్యాసము వ్రాసెను. మరబొమ్మకు మనిషి పోలిక పెరిగినకొలది మనకు దానిపై ఇష్టము పెరుగును. అయితే దాదాపు మనిషివలెనే ఉండి ఎచ్చటనో కొంచెము తగ్గినచో ఆ ఇష్టము ఒక్కసారిగా పడిపోయి వెగటు కలుగును అని ఆయన చెప్పెను. రాతిబొమ్మ కదలకున్నను మనకు బాధ లేదు. కాని నిజమైన చర్మము, నిజమైన వెండ్రుకలు ఉన్నట్లు కనిపించు ముఖములో కనురెప్ప సరిగా వాలకున్న యెడల మనసు ఒప్పుకొనదు. ఈ చిత్రములో మానవపాత్రలను నిజమైన మనుష్యులకు దగ్గరగా తీర్చుటకు ప్రయత్నించిరి. కొరత కనిపించినది అచ్చటనే. సింహముఖముతో నున్న నరసింహునికి పోలిక చూచుటకు లోకములో మరియొకరు లేరు గనుక ఆ పాత్ర అందరికిని నచ్చినది.

అమెరికాలో పిక్సార్ సంస్థకై బ్రాడ్ బర్డ్ 2004లో తీసిన ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ చిత్రమును ఇచ్చట గుర్తుచేసికొనవలెను. అదియు కుటుంబమంతయు చూడదగిన చిత్రమే, కథయు ఒక కుటుంబమును గూర్చినదే. దానికి 9 కోట్ల డాలర్లకు పైగా వ్యయమయినది. అంత ధనముండియు వారు మనుష్యులను ఉన్నదున్నట్లు చూపుటకు పోలేదు. తండ్రికి కొండవంటి ఛాతీ, సన్నని కాళ్లు పెట్టిరి. అవయవములను పెంచియు తగ్గించియు చూపిరి. ఫలితముగా ఆ బొమ్మలు మనుష్యులవలె లేకున్నను మనుష్యులే యని తోచును.

ఈ రహస్యము మన తోలుబొమ్మలాటవారికి ఏనాడో తెలియును. మేకతోలుపై రంగులు వేసి, దీపము వెలుతురులో తెరపై ఆడించు ఆ బొమ్మలకు ముఖము ప్రక్కకు తిరిగియుండును. కన్ను మాత్రము చేపవలె పెద్దది. అట్టి మనిషి లోకమున లేడు. అయినను రావణుడు కోపించినపుడు పిల్లలు జడిసికొందురు. రాయలసీమలో నిమ్మలకుంట గ్రామము ఈ విద్యకు నేటికిని నిలయము. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించినది. తిరుపతికి అతి సమీపమున నున్న శ్రీకాళహస్తిలో వెదురు కలముతో గుడ్డపై పురాణకథలను గడులు గడులుగా గీచి, క్రింద తెలుగులో వివరము వ్రాయు కలంకారీ విద్య ఉన్నది. ఆ విద్యలో ప్రసిద్ధుడైన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చినది. బొమ్మలతో కథ చెప్పుట మనకు పరాయి విద్య కాదు. విద్యార్థులు చూపిన లోపమును తీర్చుటకు దారి విదేశములోనే ఉన్నదని తలపనక్కరలేదు.

మూడవ తీర్పు: పాత చిత్రమును మరువనివారు

మూడవ పక్షము పెద్దలది. ప్రహ్లాదుని కథ తెలుగు సినిమాకు పుట్టినింటి కథ. తొలి తెలుగు టాకీ హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున 1932లో విడుదలయిన ‘భక్త ప్రహ్లాద’యే. తరువాతి కాలములో మహాదర్శకుడైన ఎల్.వి. ప్రసాద్ ఆ చిత్రములో చండామార్కుల పాఠశాలలో ఒక విద్యార్థిగా కనిపించెను. 1942లో మరియొక ప్రహ్లాద చిత్రము వచ్చినది. 1967లో ఎ.వి.ఎం. వారి రంగుల చిత్రము వచ్చినది. అందు ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, అంజలీదేవి లీలావతి, బాలనటిగా రోజారమణి ప్రహ్లాదుడు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ నారదుడు.

ఆ చిత్రమును చూచినవారికి హిరణ్యకశిపుడనగా రంగారావే. కొడుకును ఒడిలో కూర్చుండబెట్టుకొని మురియు తండ్రి ముఖము, మరుక్షణమున మండిపడు రాజు ముఖము – ఈ రెంటికిని నడుమ నలిగిపోవు మనిషిని ఆయన చూపెను. క్రొత్త చిత్రములో రాక్షసుడు కనిపించినంతగా తండ్రి కనిపింపలేదని పెద్దల ఫిర్యాదు. ఇది కేవలము పాతకాలపు మోజు కాదు. బొమ్మకు కండలు తెచ్చుట తేలిక, కన్నులలో సందేహము తెచ్చుట కష్టమని వారు చెప్పుచున్నారు. విద్యార్థులు ‘ముఖములో జీవము చాలదు’ అన్న మాటనే తాతలు వేరొక విధముగా అనుచున్నారు. తాతయు మనుమడును వాదించుకొనుచునే ఒకే చోటికి చేరుట విచిత్రముగా నున్నది.

కథలో తేడాలను కూడ పెద్దలు గమనించిరి. ప్రహ్లాదుని తల్లి మన చిత్రములలో లీలావతి. సంస్కృత భాగవతములో కయాధువు. క్రొత్త చిత్రములో హోళిక ప్రహ్లాదునితో అగ్నిలో ప్రవేశించు ఘట్టము కలదు. ఉత్తర దేశమున హోళీ పండుగ నాడు చెప్పుకొను ఈ కథ భాగవతము సప్తమ స్కంధములో లేదు. తప్పని త్రోసివేయుటకంటె, ఒక కథ ఊరూర ఎట్లు మారుచుండునో పిల్లలకు చూపుటకు ఇది మంచి అవకాశము. చిత్తూరు జిల్లా పల్లెలలో భారత ఉత్సవములు జరుగునపుడు పగలు హరికథలో విన్న కథనే రాత్రి వీధినాటకములో చూతురు. అర్జునుని తపస్సునకు మాను ఎక్కుట, మట్టితో చేసిన మహాకాయుడైన దుర్యోధనుని వధ – ఇవి గ్రంథములో ఉన్నట్లే యుండవు. అయినను అది భారతము కాదని ఎవ్వరును అనరు.

నాలుగవ తీర్పు: పిల్లల కన్నులు మూసినవారు

నాలుగవ పక్షములో తల్లులును, ఉపాధ్యాయులును ఎక్కువ. చివరి ఘట్టములలోని రక్తపాతము చిన్నపిల్లలకు తగదని వీరి అభిప్రాయము. బొమ్మల సినిమాయే గదా యని అయిదేండ్ల వారిని తోడ్కొని పోయినవారు, మధ్యలో వారి కన్నులు మూయవలసి వచ్చినదని చెప్పుకొనిరి. పెద్దల తోడు అవసరమైన చిత్రములను ఏడు, పదమూడు, పదునారు సంవత్సరముల మెట్లుగా విభజించుచు 2024లో క్రొత్త సెన్సారు నియమములు వచ్చినవి. ఇకమీదట టికెట్టు కొనునపుడు ఆ అంకెను చూచుట మంచి అలవాటు.

దీనికి ఎదురువాదము లేకపోలేదు. భాగవతములోనే నరసింహుడు ప్రేవులను మాలగా ధరించెనని యున్నది గదా, సినిమా మాత్రము దాచనేల యని కొందరు ప్రశ్నించిరి. ప్రశ్న సరియైనదే. కాని గ్రంథములో దేనికి ఎంత చోటు ఇచ్చిరో కూడ చూడవలెను. సప్తమ స్కంధములో హిరణ్యకశిపుని వధ కొలది శ్లోకములలో ముగియును. సంధ్యవేళ, గడపమీద, తొడపై నిడుకొని, గోళ్లతో – అంతే. ఆ తరువాతి అధ్యాయములో ప్రహ్లాదుడు చేసిన స్తుతి ఒక్కటియే నలుబది శ్లోకములకు పైబడినది. ఆ సంహారము తరువాత నరసింహుని కోపము చల్లారలేదు. దేవతలు దగ్గరకు పోలేకపోయిరి. లక్ష్మీదేవియే భయపడినది. అప్పుడు బ్రహ్మ చెప్పగా బాలుడు మెల్లగా నడచిపోయి పాదములకు మ్రొక్కెను; స్వామి అతని తలపై చేయి ఉంచెను. గ్రంథకర్త దృష్టిలో కథకు శిఖరము ఇది. థియేటరునుండి వెలుపలికి వచ్చు పిల్లల నోట ఎక్కువగా వినిపించినది మాత్రము పోరాటము. చిత్రమునకును గ్రంథమునకును గల అసలు భేదము రక్తములో లేదు, కొలతలో నున్నది.

బలము లేని వీరుడు

పాశ్చాత్య దేశములలో ‘సూపర్ హీరో’ యను మాట ప్రసిద్ధము. 1938లో సూపర్‌మ్యాన్ పుస్తకములలో కనిపించిన నాటినుండి ఆ వీరునికి లోకమున ఎవ్వరికిని లేని శక్తి ఒకటి ఉండవలెను. పైన చెప్పిన ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ కుటుంబములో తండ్రికి బలము, తల్లికి సాగు శరీరము, కుమార్తెకు అదృశ్యమగు విద్య, కుమారునికి వేగము. మన తెలుగులో 2024లో ప్రశాంత్ వర్మ తీసిన ‘హను–మాన్’ చిత్రములోను పల్లెటూరి యువకునికి ఒక మణివలన బలము చేకూరును. శక్తి రాగానే వీరుడు వీరుడగును.

ప్రహ్లాదుని ఇల్లు దీనికి తలక్రిందులు. ఆ ఇంటిలో అసాధారణమైన శక్తి అంతయు తండ్రిది. వరము తండ్రిది, సైన్యము తండ్రిది, మూడు లోకములు తండ్రివి. కుమారునికి అయిదేండ్లు. అతనికి గాలిలో ఎగురుట తెలియదు, ఏనుగును త్రోయుట తెలియదు. ఏనుగు ముందు నిలువబడుట మాత్రము తెలియును. నరసింహుడు స్తంభమునుండి రావచ్చును గాక. స్తంభములోను ఉన్నాడని తండ్రి ముఖము చూచి చెప్పిన ధైర్యము బాలునిది. గోళ్లను మాత్రమే గుర్తుంచుకొన్న పిల్లవాడు బలవంతుడే గెలుచునను పాఠమును ఇంటికి తీసికొనిపోవును. ఆ పాఠము హిరణ్యకశిపునికి ముందే తెలియును.

ఈ కథను గోళ్లకొరకు గాక ఆ ధైర్యముకొరకు నమ్ముకొన్న ఒక మహనీయురాలు ఈ సీమలోనే పుట్టినది. తరిగొండ వెంగమాంబ 1730లో జన్మించి 1817 వరకు జీవించినది. చిన్ననాటనే వైధవ్యము ప్రాప్తించినది. ఆ కాలపు ఆచారమును అనుసరించి తల గొరిగించుకొనుటకు ఆమె అంగీకరింపలేదు. ఊరివారి నిందలను, పెద్దల ఒత్తిడిని సహించి, తన ఊరి నరసింహునే నమ్ముకొని, తుదకు తిరుమల చేరినది. ‘తరిగొండ నృసింహ శతకము’ ఆమె రచన. తిరుమలలో నిత్యము వేలమంది భుజించు అన్నప్రసాద భవనమునకు నేడు ఆమె పేరే ఉన్నది. ఆమె చేతిలో ఏ ఆయుధమును లేదు. ‘ఒప్పుకొనను’ అను మాట యొక్కటే ఉన్నది. వెంగమాంబకు నరసింహుడు దేవుడైనచో, ప్రహ్లాదుడు తోడబుట్టినవాడు.

చండామార్కుల బడి

మన పురాణములలో ఇంత స్పష్టముగా ఒక పాఠశాల కనిపించు కథలు తక్కువ. ఉపాధ్యాయ మిత్రులు ఈ కథలో చండామార్కులను గమనింపవలెను. వారు దుర్మార్గులు కారు. ప్రభువు నియమించిన పాఠమును చెప్పుచు, ప్రభువు కోపమునకు భయపడుచు బ్రతుకు సామాన్య గురువులు. బాలుని చదువు ఎట్లున్నదో యని రాజు పరీక్షించునపుడు వారి గుండెలు కొట్టుకొనినవి. జవాబు విని రాజు మండిపడగా, ఇది మేము చెప్పినది కాదు, ఇతరులు చెప్పినది కాదు, వీనికి పుట్టుకతో వచ్చిన బుద్ధి అని తప్పించుకొనిరి. ఆ మాట భయముచేత అన్నదే కాని, అందు ఒక గొప్ప సత్యము దాగియున్నది. ఉపాధ్యాయుడు చెప్పనిది కూడ విద్యార్థి నేర్చును. గురువులు ఇంటిపనికి పోయిన విరామ సమయములో తోటిపిల్లలు ఆటకు పిలువగా, ప్రహ్లాదుడు వారిని చుట్టును కూర్చుండబెట్టుకొని తాను నమ్మినది చెప్పెను. ఆ బడిలో ఆనాడు జరిగిన మంచి పాఠము అదియే.

హిరణ్యకశిపుడు అడిగిన ప్రశ్న కూడ మంచిదే. కొడుకును ఒడిలోనికి తీసికొని, ఇన్నాళ్లు చదివినదానిలో నీకు మేలని తోచినది చెప్పుమని అడిగెను. ఇంతకంటె మంచి పరీక్షాప్రశ్న ఏ ఉపాధ్యాయుడును తయారుచేయలేడు. బట్టీయము పట్టినది చెప్పుమని అడుగలేదు, నీకు తోచినది చెప్పుమనెను. పొరపాటు ప్రశ్నలో లేదు. జవాబును తాను ముందే నిర్ణయించుకొని ప్రశ్నించుటలో నున్నది. తాను తలచినదానికి భిన్నమైన జవాబు రాగానే తండ్రి రాజయ్యెను, రాజు రాక్షసుడయ్యెను.

ఈ చిత్రమును గూర్చి తరగతిలో చర్చ జరిగినపుడు మనమును అదే ప్రశ్న అడుగుదుము. చూచినదానిలో నీకు ఏమి తోచినదని పిల్లలను అడుగుదుము. ఒక బాలిక కన్నీరు వచ్చినదనును. ఒక బాలుడు బొమ్మల ముఖములు బాగుగా లేవనును. ఒకడు పోరాటమునే చేతులూపుచు వర్ణించును. మరియొకడు తనకు భయము వేసినదనును, లేదా ఏమియు నచ్చలేదనును. అప్పుడు ఉపాధ్యాయుని ముఖములో కదలు భావమే అసలు పాఠము. భక్తి చూపిన బాలికను చూచి నవ్వినను, లోపము చెప్పిన బాలుని గద్దించినను, పిల్లలు ఒక్కటే నేర్చుకొందురు: పెద్దలు అడుగునపుడు వారికి నచ్చు జవాబు చెప్పవలెనని. ప్రహ్లాదుని కథ చెప్పి పిల్లలను అట్లు తయారుచేయుట కంటె విపరీతము మరియొకటి యుండదు.

తెలుగు ఉపాధ్యాయులు ఈ సందర్భమును వినియోగించుకొనుటకు సులభమైన మార్గము కలదు. చిత్రము చూచిన పిల్లలచేత ఒక్కొక్క పుట వ్రాయించి, ఆ పుటలను తరగతిలో చదివించి, పిదప పోతన భాగవతములోని ప్రహ్లాద చరిత్రను చేత పెట్టవచ్చును. చిత్రములో ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఏది క్రొత్తగా చేర్చినది – పిల్లలే పోల్చి చెప్పుదురు. చిత్రకళపై ఆసక్తి గలవారు కోపమును, జాలిని ఒకే ముఖముపై ఎట్లు గీయవచ్చునో ప్రయత్నింతురు. చండామార్కుల స్థానములో తామున్నచో రాజునకు ఏమని విన్నవింతురో వ్రాయుమన్నచో, ఉపాధ్యాయులకు కూడ కొన్ని క్రొత్త విషయములు తెలియును.

చివరకు ఒక ప్రశ్నను మాత్రము విడువరాదు. అంతయు ముగిసిన పిదప స్వామి వరము కోరుకొమ్మనెను. ప్రతిఫలము ఆశించి సేవించువాడు వర్తకుడే కాని భక్తుడు కాడని ప్రహ్లాదుడు తనకై ఏమియు కోరలేదు. పిదప తండ్రి కొరకు ఒకటి కోరెను: తనను చంపజూచిన తండ్రి పాపమునుండి విముక్తుడు కావలెనని. తనతో ఏకీభవింపనివానిని ద్వేషింపకుండుట ఆ బాలునికి ఎట్లు సాధ్యమయినది? ఈ ప్రశ్నకు పిల్లలు వ్రాసి తెచ్చు జవాబులు ఒకదానితో నొకటి కలియవు. వాటినన్నిటిని ఓపికతో చదివి, దేనికిని సున్న వేయకుండ తిరిగి ఇచ్చునట్టి ఉపాధ్యాయుడు చండామార్కులకు చేతకాని పనిని చేసినవాడగును.